ఉత్తరపు గాలి వీచిన రోజు

పక్షులను చూడాలంటే తెల్లవారకముందే లేవాలని అంటారు. టెక్సస్ తీరంలోని హై ఐలాండ్ అనే చిన్న ఊరికి మాత్రం వసంతంలో ఆ లెక్క వర్తించదు. మెక్సికోలోని యుకటాన్ తీరం నుంచి పొద్దుగూకాక బయలుదేరిన పిట్టలు రాత్రంతా సముద్రం మీద ఎగురుతూ, సుమారు 1,000 కిలోమీటర్లు దాటి, మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఇక్కడికి చేరవు. అందుకే ఏప్రిల్ చివరి శనివారం మేము ఇంట్లో పెందలాడే భోజనం చేసి మరీ బయలుదేరాం. ముందు సీట్లో నాన్న, ఆయన ఒళ్లో బైనాక్యులర్.

ఆ తెల్లవారుజామున ఉరుములతో వాన కురిసి, ఉత్తరపు గాలి మొదలైంది. నాలుగేళ్లుగా ప్రతి వసంతంలోనూ నేను ఎదురుచూసేది ఈ గాలి కోసమే. దక్షిణపు గాలి వీస్తుంటే పిట్టలు దాని సాయంతో తీరం దాటి, ఎక్కడో లోపలి అడవుల్లో దిగుతాయి. ఊళ్లో చెట్లు బోసిగా ఉంటాయి. సముద్రం మీద ఎదురుగాలి, వాన తగిలితే మాత్రం ఒంట్లో దాచుకున్న కొవ్వంతా కరిగిపోయి, కనిపించిన మొదటి చెట్టు మీదే కుప్పలుగా వాలిపోతాయి. ఇక్కడివాళ్లు దీన్ని ఫాలౌట్ అంటారు.

హ్యూస్టన్ నుంచి సుమారు 130 కిలోమీటర్ల దారి. విన్నీ దగ్గర హైవే దిగగానే రెండు వైపులా నీళ్లు పెట్టిన వరిమళ్లు. నాన్న అద్దం దించి, "ఇక్కడా వరేనమ్మా!" అన్నారు. నాయుడుపేట ప్రాంతంలో ఆయన నలభై ఏళ్లు వ్యవసాయం చేశారు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడుకట్టే గూడకొంగలను చూస్తూ పెరిగిన మనిషి. పెద్ద పక్షులను ఎరిగిన కళ్లకు ఈ చిన్నవి ఆనుతాయో లేదోనని నా బెంగ.

మళ్లు దాటాక అంతా గడ్డి, చిత్తడి. దూరాన ఒక్కచోట మాత్రం చెట్లగుంపు. నేల లోతుల్లోని ఉప్పు పైకి పొడుచుకురావడంతో ఇక్కడి భూమి ఓ పది మీటర్లు ఎత్తుగా లేచింది. ఆ ఎత్తు మీదే ఓక్, మల్బరీ చెట్లు పెరిగాయి. సముద్రం దాటి అలసి వచ్చే పిట్టకు ఆ పచ్చదనమే దిక్కు. హ్యూస్టన్ ఆడుబాన్ సంస్థ ఈ తోపులను కొని కాపాడుతోంది.

బాయ్ స్కౌట్ వుడ్స్ అనే తోపులో, చిన్న నీటిగుంట ఎదురుగా మెట్లమెట్లుగా బల్లలు వేసి ఉన్నాయి. గుంటలోకి చుక్కచుక్కగా నీళ్లు పడుతుంటాయి. ఆ చప్పుడుకే పిట్టలు వస్తాయి. మేము కూర్చున్న పది నిమిషాల్లో ఆకాశం నుంచి రాలినట్టు దిగడం మొదలుపెట్టాయి. మల్బరీ కొమ్మల్లో నారింజ రంగు బాల్టిమోర్ ఓరియోల్‌లు, గుండె మీద గులాబీ మరకతో గ్రోస్‌బీక్‌లు పళ్లకోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పది గ్రాముల బరువుండే వార్బ్లర్‌లు ఎన్ని రకాలో! కొమ్మల చివర ఉండవలసినవి గడ్డిలో గెంతుతున్నాయి. రోడ్డు పక్క పచ్చిక మీద ఇండిగో బంటింగ్‌లు నీలంగా పరుచుకున్నాయి. నేను నోట్‌బుక్ మూసేశాను. రాస్తూ ఉంటే చూడలేను.

నాన్న కాలి చెప్పుకు జానెడు దూరంలో ఒక స్కార్లెట్ టానేజర్ వాలింది. ఎర్రటి ఎరుపు, నల్లటి రెక్కలు. దక్షిణ అమెరికాలో చలికాలం గడిపి వచ్చిన మగపిట్ట. రెక్కలు కొద్దిగా జారవేసి, నోరు తెరిచి రొప్పుతోంది. మమ్మల్ని చూసినా కదల్లేదు. నాన్న బైనాక్యులర్ తీసి పక్కన పెట్టేశారు. కాలు కదిపితే బెదురుతుందేమోనని అలాగే బిగపట్టి కూర్చున్నారు. చాలాసేపటికి అది మెల్లగా గుంట దగ్గరికి గెంతి, నీళ్లు తాగి, తల పైకెత్తింది.

"ఇన్ని దిగాయంటే, దిగలేకపోయినవి ఎన్నో కదమ్మా?" అన్నారు.

ఈ నాలుగేళ్లలో నేను ఫాలౌట్ కోసం ఆశపడ్డానే గానీ, ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు. నిజమే, గట్టు చేరలేక నీళ్లలో పడిపోయేవి ఉంటాయి. చేరినా గండం గట్టెక్కదు. 2017 మే నెలలో ఇలాంటి తుఫాను రాత్రే, ఇక్కడికి దగ్గర్లోని గాల్వెస్టన్‌లో దీపాలు వెలుగుతున్న ఒక ఎత్తైన భవనానికి గుద్దుకుని దాదాపు 400 పిట్టలు చనిపోయాయి. ఆ తర్వాత వలస రోజుల్లో ఆ భవనం దీపాలు ఆర్పడం మొదలుపెట్టారు. ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన మాట్లాడలేదు. ఆ రాత్రి ఇంటికి చేరగానే వాకిట్లో, పెరట్లో దీపాలు ఆయనే వెళ్లి ఆర్పారు.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో పెరట్లో నిలబడి, "ఇవాళ కూడా వెళ్దామా?" అని అడిగారు.

"ఇవాళ ఏమీ కనిపించవు నాన్నా. గాలి దక్షిణానికి మారింది."

ఆయన తల ఎత్తి కాసేపు ఆకాశం వైపు చూశారు. "పోనీలే, హాయిగా పోతాయి," అన్నారు.