పీకుతానన్నది పై పన్ను, పోటు కింద పన్నుది

నిన్ననే రూట్ కెనాల్ అయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మొదట్లో చన్నీళ్లు తగిలితే జివ్వుమనేది. తర్వాత్తర్వాత నీళ్లు మింగేశాక కూడా ఆ జివ్వు వదిలేది కాదు. రాత్రి పడుకుంటే చాలు, కుడి దవడంతా దడదడా కొట్టుకునేది. తలకింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే కాస్త నయం. లవంగ నూనె కాసేపు మొద్దుబార్చేది, అంతే.

మొదటి క్లినిక్‌లో "ఏ పన్ను?" అన్నారు. కుడివైపు పైది, చెవిలోకి కూడా లాగుతోంది అన్నాను. అద్దం పెట్టి చూశారు, కాడతో టకటకా తట్టారు. పై పన్నుకే ఎక్స్‌రే తీశారు. అది శుభ్రంగా ఉంది. అప్పుడాయన నన్ను వదిలేసి మా అన్నయ్య వైపు తిరిగి, "ఈవిడకి టెన్షన్ ఎక్కువా?" అని అడిగారు! నోట్లో దూది కుక్కి ఉంది, నేను ఊఁ ఊఁ అనడం తప్ప ఏం చెయ్యను? పక్కనున్న అసిస్టెంటమ్మాయి నవ్వాపుకోవడం కనిపిస్తూనే ఉంది. యాంటీబయాటిక్స్ రాసిచ్చి, "తగ్గకపోతే పీకేద్దాం" అన్నారు. ఏమీ లేని పన్ను ఎందుకు పీకడమండీ అంటే విసుక్కున్నారు.

రెండోచోట డాక్టరమ్మ దూది ఉండ మీద చల్లటి స్ప్రే కొట్టి ఒక్కో పన్నుకీ ఆనించింది. పైవాటికి చల్లగా తగిలి పోయింది. కింది దవడ పన్నుకి ఆనించగానే కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. దూది తీసేసినా పోటు ఆగదే! రెండు పళ్ల సందులో పిప్పి, పైకి కనపడకుండా. పన్ను లోపలి నరం వాస్తే ఉబ్బడానికి చోటుండదట, చుట్టూ గట్టి గోడలే కదా. పోటు ఏ పన్నుదో మనకే తెలియదట. కింద పన్నుది పైకీ చెవికీ పాకుతుంది గానీ ముఖంలో అవతలి వైపుకి మాత్రం దాటదట. ఇలాంటి పోటుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదని కూడా ఆవిడే చెప్పింది.

నరం వాచి ఉండటంతో మత్తు ఒక పట్టాన ఎక్కలేదు, మళ్లీ సూది పొడవాల్సి వచ్చింది. మిగతాదంతా నోరు తెరుచుకుని పడుకోవడమే.

చల్లదనం పరీక్ష చెయ్యకుండా పీకుతామంటే కుర్చీ దిగి వచ్చెయ్యండి. ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెట్టుకోమనేవాళ్ల మాట వినొద్దు, చిగురు కాలుతుంది. అయితే దవడ కింద వాచి, జ్వరమొచ్చి, మింగడం కష్టమైతే మాత్రం డాక్టర్లని ఎంచుకుంటూ కూర్చోకండి, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరిగెత్తండి.

నాకింకా క్యాప్ పెట్టాలి. అందాకా ఆ వైపు గట్టివేవీ నమలొద్దంది, లోపల తొలిచిన పన్ను విరిగిపోతుందట.