అన్నయ్యను బావా అని పిలిచిన ఏళ్ళు

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు శ్రీకాకుళం వైపు బంధువులంతా విజయనగరంలోని మా ఇంటికి వచ్చేవారు. నాకు పదకొండేళ్ళ వయసున్నప్పుడు, ఆ మంగళవారం మధ్యాహ్నం పంక్తిలో వడ్డిస్తున్న ఒక దూరపు పిన్ని, మా మామయ్య పెద్దకొడుకు వైపు చూసి, "ఓలమ్మ, బావొచ్చాడని సిగ్గుపడిపోతోంది గుంట!" అని నన్ను ఆటపట్టించింది. ఆమె నవ్వు ఆగకముందే, విస్తరి ముందు కూర్చున్న మా అమ్మమ్మ చేతిలోని ముద్ద వదిలేసి, "నోర్ముయ్యే, ఒక్క కడుపున పుట్టినోళ్ళు ఆళ్ళు" అని కసిరింది. ఆ తరువాత పంక్తిలో ఎవరూ మాట్లాడలేదు. సిరిమాను ఊరేగింపును ఆ ఏడు నేను చూడలేదు.

మా అమ్మ నాకు పుట్టుకరీత్యా మేనత్త. తనకు పిల్లలు లేకపోవడంతో, నెలల పిల్లనైన నన్ను తమ్ముడి దగ్గర నుంచి పెంపకానికి తెచ్చుకుంది. దానితో నన్ను కన్నతండ్రి మామయ్య అయ్యాడు, కన్నతల్లి అత్తయ్య అయింది, తోడబుట్టిన అన్న బావ అయ్యాడు. నాయనమ్మ కావలసిన మనిషి అమ్మమ్మ అయింది. మేనరికాలు మామూలైన మన ప్రాంతంలో చివరి రెండు మార్పుల బరువు ఒకటి కాదని వేరే చెప్పనక్కరలేదు.

1956 నాటి హిందూ దత్తత చట్టం ఈ విషయాన్ని ముందే ఊహించింది. దత్తత వెళ్ళిన బిడ్డకు పుట్టింటితో బంధాలన్నీ తెగిపోయినట్లే భావించాలని చెబుతూనే, పుట్టింట్లో ఉండి ఉంటే ఎవరిని పెళ్ళాడకూడదో వారిని దత్తత తరువాత కూడా పెళ్ళాడకూడదని పన్నెండో సెక్షన్ షరతు పెట్టింది. అంటే ఆ నిషేధాన్ని పాటించాలంటే బిడ్డకు తన పుట్టుక తెలిసి ఉండాలి. తెలియజేయవలసిన బాధ్యత ఎవరిదో మాత్రం ఆ సెక్షన్ చెప్పదు. మా ఇంట్లో ఆ పని ఒక ముసలమ్మ కోపానికి దక్కింది.

మన దగ్గర దత్తత గురించిన మాటలన్నీ వారసుడి చుట్టూనే తిరిగాయి. 1897లో ఆనందగజపతి మహారాజు మరణించాక విజయనగరం సంస్థానానికి దత్తత ద్వారా వచ్చిన వారసత్వంపై ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచింది, గురజాడ అప్పారావుగారి జీవితంలో కూడా ఆ వ్యవహారం చాలా కాలాన్ని తీసుకుంది. ఆస్తి ఎవరికి, పిండం ఎవరు పెడతారు అన్న ప్రశ్నలే అప్పటివి. ఆడపిల్లను దత్తత తీసుకోవడాన్ని హిందువులందరికీ చట్టబద్ధం చేసింది 1956 చట్టమే కనుక నాలాంటివాళ్ళు ఆ చర్చలోకి రావడమే ఆలస్యం. అయినా ఈ రోజుకీ ఇరుగుపొరుగు అమ్మను మెచ్చుకొనే మాట, "సొంత పిల్లలా చూసుకుంది" అనేదే. ఆ 'లా' అన్న ఒక్క అక్షరం నాకు చిన్నప్పటి నుంచి గుచ్చుకుంటూనే ఉంది.

దత్తత వెళ్ళినవారి జీవన నాణ్యతను కొలిచినవాళ్ళు ఉన్నారు. విదేశాలకు దత్తత వెళ్ళిన పిల్లల మీద జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి నెదర్లాండ్స్ పరిశోధకులు యుఫర్, వాన్ ఐజెండోర్న్ 2005లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఆ పిల్లల్లో ప్రవర్తన సమస్యలు కొంత ఎక్కువగా కనిపించినా అత్యధికులు చక్కగానే కుదురుకున్నారు. ఆత్మగౌరవం విషయంలో దత్తత వెళ్ళినవారికీ మిగిలినవారికీ తేడా లేదని 2007లో మళ్ళీ వారే చూపించారు. ఇవి చదివినప్పుడు నాకు ఊరట కలిగింది. అయితే నా జీవితంలో లోటు ఆత్మగౌరవంలో కాదు, చిన్నచిన్న చోట్ల బయటపడేది. ఆసుపత్రిలో డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" అని అడిగితే, పెళ్ళయిన ఎంతోకాలానికి గానీ నేను మామయ్య పేరు చెప్పే ధైర్యం చేయలేదు. చెప్పిన రోజు బయట బల్ల మీద కూర్చున్న అమ్మ నా ముఖం చూడలేదు.

బంధుత్వం లేని చోట నుంచి బిడ్డ వచ్చినప్పుడు సంగతి ఇంకా తీవ్రమైనది. మొన్న మా వీధిలోని ఒక జంట, దత్తతలను చూసే కేంద్ర సంస్థ 'కారా' వరుసలో ఏళ్ళు పడుతుందని, ఎక్కడైనా ఆసుపత్రిలో "నేరుగా" బిడ్డ దొరుకుతుందేమో చూడమని నన్నడిగారు. పిల్లల అమ్మకం, కొనుగోలు బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ళ వరకు కఠిన శిక్ష పడే నేరమని చెప్పాను, కానీ వాళ్ళను ఆపింది అది కాదు. బిడ్డను అప్పగించిన కన్నవారికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుందనీ, ఐదేళ్ళు దాటిన బిడ్డ సమ్మతి అడుగుతారనీ, 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కలెక్టరు ఇస్తున్నారనీ, తరువాత రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి ఇంటికి వచ్చి చూస్తారనీ వివరించాను. పద్దెనిమిదేళ్ళు నిండాక ఆ బిడ్డ తన మూలాల కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు, కన్నవారు ఒప్పుకోకపోతే వివరాలు ఇవ్వరు. కానీ చేతి మీదుగా మారిన బిడ్డకు ఆ దరఖాస్తు పెట్టడానికి ఫైలే ఉండదు. భార్య అక్కడ ఆగింది. భర్త మాత్రం, "ఫైలు లేకపోతే ఎవరికీ తెలియదు కదండీ, మంచిదే కదా" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. పంక్తిలో అమ్మమ్మ వదిలేసిన ముద్ద గురించి ఆమెకు చెప్పాను. పేరు నమోదు చేసుకున్నామని గత నెల ఆమె ఫోను చేసి, చివర్లో ఒక మాట అడిగింది: "మీ అన్నయ్యని ఇప్పుడేమని పిలుస్తారు?" అన్నయ్యా అనే పిలుస్తున్నానని, నోరు తిరగడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టిందని చెప్పాను.