నేపుల్స్‌లో బొమ్మల కొలువు

డిసెంబర్ 23 సాయంత్రం. ఇటలీలోని నేపుల్స్ పాత ఊళ్ళో శాన్ గ్రెగోరియో అర్మేనో అనే సందు. అక్కడ మనం నడవక్కర్లేదు, వెనకున్న జనమే తోసుకెళ్తారు. నా చెయ్యి పట్టుకుని వస్తున్న అమ్మ ఓ కొట్టు ముందు గబుక్కున ఆగిపోయింది. వెనకాల పదిమంది ఒకరి మీద ఒకరు పడబోయారు. అమ్మకేం పట్టలేదు.

"ఇదిగోనే, ఇది కొలువే కదూ!" అంది.

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో. నాన్న పోయాక వచ్చిన మొదటి చలికాలం, అమ్మను ఒక్కదాన్నీ ఉంచలేక మా దగ్గరికి తెచ్చుకున్నాం. డిసెంబర్లో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని "ఇవాళ కూడా సూర్యుడు రాలేదే" అనడం మొదలెట్టాక, కాస్త ఎండున్న ఊరు ఏదైనా సరే అనుకుని నేపుల్స్‌కి టికెట్లు కొన్నాం. బొమ్మల సంగతి నాకూ పెద్దగా తెలియదు. పిజ్జా, వెసూవియస్ అగ్నిపర్వతం, పాంపే శిథిలాలు, ఇవే మా లిస్టు.

అమ్మ చూసినదాన్ని వాళ్ళు ప్రెసేపే అంటారు. పశువుల పాకలో యేసు పుట్టిన దృశ్యాన్ని బొమ్మలతో పేర్చడం. 1223లో గ్రెచ్చో అనే ఊళ్ళో సెయింట్ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి ఆ దృశ్యాన్ని కళ్ళకు కట్టించాడట, ఆనవాయితీ అక్కణ్ణించి వచ్చిందంటారు. 18వ శతాబ్దంలో బుర్బన్ రాజుల కాలానికి నేపుల్స్ వాళ్ళు దాన్ని ఎక్కడికో తీసుకుపోయారు. పాక ఓ మూలకి పోయింది, చుట్టూ వాళ్ళ ఊరే వచ్చి కూర్చుంది. చేపలమ్మేవాడు, చెస్ట్‌నట్లు కాల్చేవాడు, బట్టలుతికే ఆవిడ, పిజ్జా పొయ్యి, కల్లు దుకాణం లాంటి సారా కొట్టు. గుట్టలకి బెరడు చెక్క, గడ్డికి నాచు. కొన్ని బొమ్మలకి చిన్న మోటారు కూడా ఉంది. రొట్టెల వాడు చెయ్యి ఆపకుండా పొయ్యిలోకి పెడుతూ తీస్తూనే ఉన్నాడు.

మన కొలువూ అంతే కదా. పైమెట్టు మీద దేవుళ్ళు, కింద మెట్టు మీద పప్పుల కొట్టు చెట్టియారు, కొండపల్లి కల్లుగీత కార్మికుడు, ఆ పక్కన మా తమ్ముడి ప్లాస్టిక్ క్రికెట్ టీము. ఇక్కడ క్రికెట్ టీము బదులు మారడోనా. ప్రతి కొట్లోనూ ఉన్నాడు.

"ఎవరే ఈ పొట్టివాడు?" అంది అమ్మ.

"వీళ్ళకి ఎన్టీఆర్ అనుకోండి అత్తయ్యగారూ" అన్నారు మావారు. 1987లో, 1990లో ఈ ఊరి ఫుట్‌బాల్ టీముకి ఇటలీ లీగు గెలిపించి పెట్టినవాణ్ణి అంతకంటే సులువుగా ఎలా చెప్తాం?

అమ్మ ఇంకా వెతుకుతోంది. "పిల్లాడేడీ? తొట్టి ఖాళీగా ఉందే." 24 అర్ధరాత్రి దాకా బాల యేసుని పెట్టరు. కొట్టు పెద్దాయన నోటి మీద వేలుంచి, రెండు చేతులూ చెంప కింద పెట్టి సైగ చేశాడు. అమ్మకి నేను చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. ఇద్దరికీ అక్కడే స్నేహం కుదిరింది. ఆయన అమ్మ చేతిలో ఓ చిన్న మట్టిబొమ్మ పెట్టాడు: గొర్రెల మధ్య, చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతున్న కుర్రాడు. పేరు బెనీనో. ప్రెసేపే మొత్తం వాడి కలేనట, వాణ్ణి లేపితే అంతా మాయమైపోతుందట. పద్దెనిమిది యూరోలన్నాడు. అమ్మ తెలుగులో బేరమాడింది, ఆయన ఇటాలియన్‌లో ఒప్పుకోలేదు. చివరికి పద్దెనిమిదికే కొన్నాం, గొర్రెపిల్ల ఒకటి కొసరు వేశాడు.

సందు చివర గొర్రెతోలు చొక్కాల్లో ఇద్దరు తిత్తిలాంటి వాద్యం ఊదుతున్నారు. జంపొన్యారీ అంటారు. కొండ ఊళ్ళ నుంచి దిగివచ్చి, 16వ తేదీ నుంచి క్రిస్మస్ దాకా తొమ్మిది రోజుల నోవేనా ప్రార్థనల్లో ఊరంతా తిరిగి వాయించడం పాత అలవాటు. డిసెంబర్ 16 అనగానే అమ్మ లెక్క వేసింది: "నెలగంట పెట్టేదీ అప్పుడేగా. మనకి హరిదాసు, గంగిరెద్దు. వీళ్ళకి వీళ్ళు." ఓ నాణెం నా చేతికిచ్చి వెయ్యమంది.

24న పొద్దున్న మాత్రం అమ్మని పోర్టా నోలానా చేపల బజారుకి తీసుకెళ్ళడం నా తెలివితక్కువ పని. ఆ రాత్రి వాళ్ళు మాంసం ముట్టరు, చేపలే తింటారు. కపితోనే అనే లావుపాటి ఆడ ఈల్ చేపలు నీలం తొట్టెల్లో పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. ఒకటి గెంతి బయటపడింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అమ్మ రోడ్డు దాటేసింది. మధ్యాహ్నం మారినారా పిజ్జా తిన్నాకగానీ శాంతించలేదు. చీజ్ ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. హ్యాండ్‌బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీసి చల్లుకుని "రొట్టె మీద టమాటా పచ్చడి, బాగానే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

అసలు తిప్పలు 25న. హోటళ్ళన్నీ మూత, తెరిచిన ఒకటీ అరా చోట వారాల ముందే బుకింగ్ అయిపోయింది. మధ్యాహ్నం తర్వాత మెట్రో కూడా లేదు. మా అద్దె ఇంట్లో మిగిలింది సగం బ్రెడ్డు, నాలుగు నారింజలు. ప్లానింగ్ నాది కాబట్టి టెన్షనూ నాదే. బాల్కనీలో నిలబడి మావారితో గొడవ పడుతుంటే, పై అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట ఒకటి మా ముందుకి దిగింది. పనారో అంటారు దాన్ని, మెట్లు దిగకుండా సరుకులు పైకి లాక్కునే బుట్ట. అందులో ఓ పళ్ళెం నిండా స్త్రుఫోలీ. శనగగింజంత పిండి ఉండలు వేయించి, తేనెలో దొర్లించి, పైన రంగు చక్కెర పూసలు. అందులో గుడ్డుంటుంది. కేకులో వేసిన గుడ్డు గుడ్డు కాదన్నది అమ్మ పాత సిద్ధాంతం, ఇక్కడా పనికొచ్చింది. ఖాళీ బుట్ట పంపకూడదని నాలుగు సున్నుండలు వేసి తాడు లాగింది.

గంటలో పైనుంచి పిలుపు. వాళ్ళింట్లో తోంబోలా ఆడుతున్నారు. మన కాలనీ లేడీస్ క్లబ్బులో ఆడే తంబోలానే, పేరూ ఇక్కణ్ణించి వచ్చిందే. మొత్తం తొంభై అంకెలు, ఒక్కో కార్డులో అడ్డంగా అయిదేసి చొప్పున మూడు వరసలు. కాకపోతే ఇక్కడ ప్రతి అంకెకీ ఓ అర్థం ఉంది. 25 క్రిస్మస్, 90 భయం, 77 ఆడవాళ్ళ కాళ్ళు. అంకె పిలిచినప్పుడల్లా నవ్వులే. కార్డులో వచ్చిన అంకె మీద గుర్తుగా పెట్టడానికి నారింజ తొక్క ముక్కలు. 48 పిలిచారు. ఫోన్లో అనువాదం చూసుకుని "మాట్లాడే చనిపోయిన మనిషి" అని చదివేశాను, ఆపుకోలేకపోయాను. అమ్మ ఓ క్షణం ఏమీ అనలేదు. తర్వాత తన కార్డు చూసుకుని, 48 మీద తొక్క ముక్క పెట్టి, "వరసలో నాలుగయ్యాయి, అడగవే" అంది. మూడు యూరోలు గెలిచింది.

పాంపే 26న చూశాం. క్రీ.శ. 79లో బూడిద కింద పడ్డ ఊరు గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రాయను. రొట్టెల బట్టీలోని రాతి తిరగళ్ళ దగ్గర అమ్మ పావుగంట నిలబడిందని మాత్రం చెప్తాను.

తిరుగు విమానంలో బెనీనో ఊలు మేజోడులో చుట్టుకుని అమ్మ ఒళ్ళో ఉన్నాడు. ఆల్ప్స్ మీదకొచ్చాక అడిగింది:

"మీ హాల్లో ఆ పుస్తకాల బీరువాకి ఎన్ని అరలే?"

"నాలుగు."

"సరిసంఖ్య పనికిరాదు. సంక్రాంతిలోపు ఒకటి ఊడదీయించు."