మిరుగులోపు తూము: చెరువు పనికి క్రిటికల్ పాత్ లెక్క

మన నల్లగొండ, పాలమూరు చెరువుల మరమ్మతుకు రెండు చివరలా గడువు బిగించి ఉంటుంది. యాసంగి వరి కోతకు వచ్చేదాకా తూము మూయలేం. మిరుగు పడ్డాక శిఖంలో, అంటే చెరువు లోపల, దిగలేం. ఏప్రిల్ 15 పొద్దున పని మొదలుపెడితే మృగశిర కార్తె వచ్చే జూన్ 8 నాటికి చేతిలో ఉండేది 55 రోజులు. పాత తూము పీకి కొత్తది కట్టడం ఇందులో పడుతుందా అన్నది ఎస్టిమేట్ కాగితం చెప్పదు. అందులో క్యూబిక్ మీటర్లు, రేట్లు ఉంటాయి, ఏ పని ఏ పని కోసం ఆగాలో ఉండదు. దానికి నెట్‌వర్క్ బొమ్మ గీయాలి. ఒక మధ్యతరహా చెరువు తూమునే తీసుకుని లెక్క వేద్దాం. రోజులు చెరువును బట్టి మారుతాయి, లెక్క పద్ధతి మారదు.

ఒక్కో పనికి ఒక గడి గీసి, ముందు పని నుంచి తర్వాతి పనికి బాణం వేయాలి. మిగిలిన నీళ్లు తోడి బురద ఆరనివ్వడం 6 రోజులు. కట్ట మీది సర్కారు తుమ్మ, కంప కొట్టడం 5 రోజులు. ఈ రెండూ మొదటి రోజే మొదలవుతాయి. రెండూ అయ్యాకే కట్ట కోసి పాత తూము తీయడం, 5 రోజులు. తర్వాత బెడ్ కాంక్రీటు 3 రోజులు, అది గట్టిపడటానికి 2 రోజుల ఆగుడు. ఆపైన గోడలు, నీళ్ల దారి మీది స్లాబు, అంటే సెంట్రింగ్, సలాక, కాంక్రీటు కలిపి 8 రోజులు. క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిపి ఉంచడం, 14. కోసిన కట్టను మొరంతో పొరలుగా పూడ్చి రోలింగ్ 7. చివరికి లోపలి వాలుకు రాతి పరుపు 6.

ముందు నుంచి కూడుకుంటూ పోదాం. నీళ్లు 6వ రోజుకు, కంప 5వ రోజుకు అయిపోతాయి. కట్ట కోయడానికి ఆలస్యమైనదాన్నే పట్టుకోవాలి కాబట్టి 6 నుంచి 11. బెడ్ 14కు, ఆగుడు 16కు, గోడలు 24కు, క్యూరింగ్ 38కి, పూడ్చడం 45కు, రాతి పరుపు 51కి. అంటే జూన్ 4. గడువుకు 4 రోజులు మిగిలాయి. ఇప్పుడు 51 నుంచి వెనక్కి తీసివేసుకుంటూ వస్తే ఒక్కో పని ఎంత ఆలస్యంగా మొదలుపెట్టినా పరవాలేదో తెలుస్తుంది. రెండు లెక్కల మధ్య తేడాయే వెసులుబాటు, ఫ్లోట్. అది సున్నా అయిన పనుల వరుసే క్రిటికల్ పాత్. కంప కొట్టడానికి ఒక్క రోజు వెసులుబాటు ఉంది. నీళ్లు తోడటం నుంచి రాతి పరుపు దాకా మిగతా వరుసకు ఏమీ లేదు.

51 రోజుల్లో బురద ఆరడం, బెడ్ గట్టిపడటం, క్యూరింగ్ కలిపితే దాదాపు 19 రోజులు ఎవరూ పెద్దగా పని చేయని రోజులే. కాంక్రీటు రేటులోనే ‘క్యూరింగ్‌తో సహా’ అని ఉంటుంది కాబట్టి బిల్లులో దానికి విడిగా వరుస ఉండదు. వరుస లేనిదాన్ని బొమ్మలోనూ మరిచిపోతారు. అత్యంత పొడవైన పని అదే అయినా దానికి గడి ఉండదు. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఎండలు తీవ్రంగా ఉండే పొడి వాతావరణంలో 10 రోజులకు తక్కువ తడపకూడదు. బూడిద కలిసిన పీపీసీ లాంటి సిమెంటు వాడితే 14 రోజులకు పొడిగించమంటుంది. ఇప్పుడు ఊళ్లో దొరికేది ఎక్కువగా పీపీసీయే. రోహిణి కార్తె ఎండలో గోనెసంచి రెండు గంటల్లో ఆరిపోతుంది. ఆ 14 రోజులూ మోటారు, పైపు, ఒక మనిషి అక్కడే ఉండాలి. తోడేసిన చెరువు పక్కన క్యూరింగ్ నీళ్లు ఎక్కడివన్నది కూడా బొమ్మలో ఒక గడే.

ఈ క్రిటికల్ పాత్ పద్ధతి 1957లో అమెరికా రసాయనాల కంపెనీ డ్యూపాంట్‌కు చెందిన మోర్గాన్ వాకర్, కంప్యూటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి తయారుచేసింది.

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది బొమ్మలో వేయకుండా వదిలేసిన బాణాలకు. గేటు సంగతి చూడండి. వర్క్‌షాపులో గేటు తయారీకి 18 రోజులు, బిగించడానికి 2 రోజులు అనుకుందాం. క్యూరింగ్ అయ్యాక బిగిస్తాం కదా అని బాణం అక్కడికి వేస్తే, 51 లోపు అయితే చాలు కాబట్టి తయారీకి 31 రోజుల వెసులుబాటు కనిపిస్తుంది. నెమ్మదిగా ఆర్డర్ ఇవ్వొచ్చు అనిపిస్తుంది. కానీ గేటు జారే చట్రం గోడ కాంక్రీటులోనే కూర్చోవాలి. చట్రం వేరే పని, దానికి 10 రోజులు. గోడల సెంట్రింగ్ మొదలయ్యే 16వ రోజుకు అది సైటులో ఉండాలి. అంటే అసలు వెసులుబాటు 31 కాదు, 6. చట్రం రాకుండా గోడ పోస్తే తర్వాత గోడను చెక్కి, యాంకర్లు దింపి, గ్రౌట్ పోయాలి. ఆ అంచు నుంచే ఏటా నీళ్లు కారుతుంటాయి. ఇలాంటి బాణాలు దొరకాలంటే చివరి పని నుంచి వెనక్కి నడుస్తూ ప్రతి గడి దగ్గర ‘ఇది మొదలుపెట్టే పొద్దున నా చేతిలో ఏమేం ఉండాలి’ అని అడగాలి. పూడ్చడానికి మొరం తవ్వకం అనుమతి, టిప్పర్ల దారి కోసిన కట్ట మీదుగా పోకుండా చూడటం అలా అడిగితేనే బయటపడతాయి.

బాణాలన్నీ సరిగ్గా ఉన్నా మనుషులు, యంత్రాలు ఒకరికొకరు అడ్డొస్తారు. పొక్లెయిన్ ఒకటే ఉంది, పూడికతీతకు 20 రోజులు కావాలి. రైతులు ట్రాక్టర్లతో ఎదురుచూస్తున్నారని 6వ రోజున దాన్ని శిఖంలో దింపితే కట్ట కోత 26వ రోజు దాకా ఆగుతుంది, తూము 71వ రోజుకు పోతుంది. అదే ముందు కట్ట కోసి 11వ రోజున పూడికకు పంపితే, 31కి పూడిక అయిపోయి ఇంకా 20 రోజులు మిగులుతాయి. మత్తడి, అంటే అలుగు, మరమ్మతు ఇంకా సూక్ష్మం. 10 రోజుల పని, 14 క్యూరింగ్. వేరే మేస్త్రీ ముఠా ఉంటే కంప కొట్టగానే 5వ రోజున మొదలై 29కి అయిపోతుంది, వెసులుబాటు 22. ముఠా ఒకటే అయితే తూము గోడలు పోశాక 24న మొదలై 48కి అవుతుంది. వెసులుబాటు 3. బొమ్మలో గడీ మారలేదు, బాణమూ మారలేదు, 19 రోజులు మాయమయ్యాయి.

పని తొందర చేయాలన్నప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. ఇంకో మోటారు పెట్టి 6 రోజుల తోడటాన్ని 4కు దించితే మిగిలేది ఒక్క రోజే, ఎందుకంటే కంప కొట్టడం 5వ రోజు దాకా ఉంది. తూము దగ్గరి కంప మొదటి రోజే కొట్టించి దాన్ని విడి గడి చేస్తే రెండు రోజులూ దక్కుతాయి. దాంతో గోడలు 14కే వస్తాయి, చట్రం వెసులుబాటు 6 నుంచి 4కు తగ్గుతుంది, ఆ సంగతి వర్క్‌షాపుకు అదే రోజు చెప్పాలి. రోలింగ్‌కు రెండో రోలర్ తెచ్చినా లాభం లేదు. కోత ఇరుకు, రెండు యంత్రాలు పట్టవు, కాంక్రీటు పక్కన చేతి దిమ్మిసతోనే కొట్టాలి. అక్కడ మందపాటి పొర వేసి తొందర చేస్తే గోడ వెంట నీళ్లు దారి చేసుకుంటాయి. రాతి పరుపుకు మాత్రం రెండో ముఠాను పెట్టొచ్చు, రెండు చివరల నుంచి పేర్చుకొస్తారు, 6 రోజులు 4 అవుతాయి. క్యూరింగ్ జోలికి ఎంత డబ్బున్నా పోవద్దు.

రోజుల అంచనా విషయంలో ఒక్క మాట. గోడలకు 8 రోజులన్నది మామూలుగా పట్టేది. అన్నీ కలిసొస్తే 6. ముహూర్తాల వారంలో మేస్త్రీలు పెళ్లిళ్లకు పోతే 16. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం వాడిన పెర్ట్ లెక్కలో మామూలు దాన్ని నాలుగుసార్లు తీసుకుని మిగతా రెండింటితో కలిపి 6తో భాగిస్తారు. 6, 32, 16 కలిపితే 54, సగటు 9. 8 అని రాసుకున్నచోటే ఒక రోజు పోయింది. అందుకే మిగిలిన 4 రోజులను పనులకు పంచిపెట్టకుండా చివర్లో ఒకేచోట ఉంచాలి. పంచితే ఎవరికి వాళ్లు వాడేసుకుంటారు.

పని నడుస్తున్నప్పుడు ‘ఎంత శాతం అయింది’ అని అడగొద్దు, ‘ఇంకా ఎన్ని రోజులు’ అని అడగండి. 20వ రోజున గోడల పని సగం అయిందంటారు. సలాక కట్టడానికి 3, చట్రం నిలబెట్టి గుండు పట్టడానికి 1, కాంక్రీటుకు 2, ఇంకా 6 కావాలని లెక్క తేలితే గోడలు 26కు పోయాయి, చివరి 4 రోజులు 2 అయ్యాయి. రాతి పరుపుకు రెండో ముఠాను మాట్లాడాల్సింది ఆ సాయంత్రమే. 45వ రోజున వెతికితే ముఠాలన్నీ మిరుగు ముందు పనుల్లో ఇరుక్కుని ఉంటాయి.