పాంబన్ మీదుగా మళ్లీ రైలు

కావలి నుంచి అమ్మను తీసుకుని రామేశ్వరం వచ్చాను. 2023లో వచ్చినప్పుడు సముద్రం మీది పాత పాంబన్ వంతెన మీద రైళ్లు ఆపేశారు. వంతెనకి ఇవతలి ఒడ్డున మండపంలో దిగి, మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మను బస్సెక్కించడానికి పడిన టెన్షన్ ఇంకా మరిచిపోలేదు. ఈసారి రైలు నేరుగా దీవిలోకి తీసుకెళ్లింది. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త వంతెన ఇది. ఓడ వస్తే 72.5 మీటర్ల భాగం మోటార్లతో నిట్టనిలువుగా పైకి లేస్తుంది.

పక్కనే 1914 నాటి పాతది. దాని రెండు రెక్కల్నీ మనుషులే చేతులతో తిప్పి ఎత్తేవాళ్లు! 1964 తుపానుకు దెబ్బతింటే రైల్వే ఇంజినీర్ శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో నిలబెట్టింది. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టక ఏమవుతుంది, పాపం.

అమ్మ కిటికీలోంచి దానికి దండం పెట్టింది. "ఇన్నాళ్లూ మనల్ని దాటించింది నాయనా" అంది.