రోహిణి కార్తె వారం: గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలై జూన్ మొదటి వారం దాకా సాగుతుంది. రోళ్లు పగిలే ఎండలంటారు పెద్దలు. నైరుతి రుతుపవనాలు కేరళ దగ్గరికి చేరేదీ ఈ రోజుల్లోనే. అందుకే ఈ వారం ఏ ఏడాదికా ఏడాది వేరుగా ఉంటుంది. 2015లో మే చివరి వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2025లో మే 24నే కేరళను తాకిన రుతుపవనాలు రెండు రోజుల్లో రాయలసీమలోకి వచ్చేశాయి. కాబట్టి రాబోయే వారం ఎలా ఉంటుందో తెలియాలంటే డిగ్రీల కంటే ముందు మూడు సంగతులు చూడాలి: గాలి ఎటు నుంచి వీస్తోంది, బంగాళాఖాతంలో ఏముంది, రాత్రి వేడి ఎంత వరకు దిగుతోంది.

గాలి సంగతి కోస్తా వాళ్లకు ప్రాణాంతకమైన విషయం. మచిలీపట్నం, బాపట్ల, ఒంగోలు, కావలి లాంటి చోట్ల మామూలు రోజున మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి తిరుగుతుంది, ఎండ అక్కడితో ఆగిపోతుంది. తెలంగాణ మీదుగా వచ్చే పొడి పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి లోపలికి రాలేదు. వచ్చినా సాయంత్రానికి గానీ రాదు. అప్పుడు తీరంలో కూడా 43, 44 డిగ్రీలు నమోదవుతాయి. అంచనాలో ‘పశ్చిమ, వాయవ్య గాలులు’ అన్న మాట కోస్తాకు కనిపిస్తే ఆ వారం కష్టమని లెక్క. ‘దక్షిణ, ఆగ్నేయ గాలులు’ అని ఉంటే డిగ్రీలు తగ్గుతాయి గానీ ఉక్కపోత పెరుగుతుంది. ఇదీ తేలికగా తీసుకునేది కాదు. 35 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే ఒంటికి 50 డిగ్రీల బాధ ఉంటుంది, ఎందుకంటే పట్టిన చెమట ఆరదు.

ఈ పడమటి గాలిని లాగేది చాలాసార్లు బంగాళాఖాతమే. అల్పపీడనం, తుఫాను అనగానే చల్లబడుతుందని సంబరపడతాం. అది ఎటు వెళుతుందన్నదే అసలు విషయం. 2010 మేలో లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, వానలు కురిశాయి. 2003 మేలో వచ్చిన తుఫాను మయన్మార్ వైపు వెళ్లిపోతూ మన మీది తేమను తనతో లాక్కుపోయింది. ఆ తర్వాతి వడగాడ్పులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. తుఫాను చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అది ఒడిశా, బెంగాల్, మయన్మార్ వైపు మళ్లితే మన తీరం దాని పడమటి పక్కన పడి, నేల మీది పొడిగాలి ఇటు వస్తుంది. మేలో వాయుగుండం ఉత్తరానికి మళ్లుతోందన్న వార్త వస్తే, ఆ తర్వాతి నాలుగైదు రోజులు గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లు గట్టి జాగ్రత్తలో ఉండాలి.

వాతావరణ శాఖ చేసే ‘వడగాలులు’ అన్న ప్రకటనకు లెక్క ఉంది. మైదానంలో కనీసం 40, తీరంలో కనీసం 37 డిగ్రీలు ఉండి, ఆ రోజుకు ఉండే సగటు కంటే 4.5 డిగ్రీలు పెరగాలి. మైదానంలో ఈ తేడా 6.4 దాటితే తీవ్ర వడగాలులు. సగటుతో పని లేకుండా మైదానంలో 45 తాకితే వడగాలి, 47 తాకితే తీవ్రం. రామగుండం లాంటి చోట సగటే 43 దగ్గర ఉంటుంది కాబట్టి 44 డిగ్రీల రోజున కూడా ప్రకటన రాకపోవచ్చు. ప్రకటన లేదంటే ప్రమాదం లేదని కాదు. కూలి పనికి వెళ్లేవాళ్లకు, ఇటుక బట్టీల్లో ఉండేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

రాత్రి అంకెను దాదాపు ఎవరూ పట్టించుకోరు. పగలు 42 ఉండి తెల్లవారుజాముకు 26కు దిగితే ఒళ్లు కోలుకుంటుంది. అదే కనిష్ఠం 31, 32 దగ్గర ఆగిపోయి మూడు రాత్రులు గడిస్తే ముసలివాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మంచాన పడతారు. స్లాబు ఇళ్లలో ఇంకా ఎక్కువ, పగలు పీల్చుకున్న వేడిని స్లాబు రాత్రంతా వదులుతుంది. పొద్దు గూకాక డాబా మీద నీళ్లు చల్లి, అటూ ఇటూ కిటికీలు తెరవాలి. కూలర్ నిజామాబాద్, కర్నూలులో బాగా పనిచేస్తుంది, కాకినాడలో ఉక్క పెంచుతుంది. ఎక్కడైనా సరే, గాలి బయటికి పోయేలా ఎదుటి కిటికీ తెరిచి ఉంచకపోతే కూలర్ దండగ.

ఇక వాన. విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి (గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) సాగితే తెలంగాణ, రాయలసీమల్లో మధ్యాహ్నం 3 దాటాక మబ్బులు లేచి ఈదురుగాలులు, పిడుగులు, ఒక్కోసారి వడగండ్లు. ఇక్కడ అంచనాలోని మాటలు చూసుకోవాలి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి వాన పడదని. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా, ‘చాలా చోట్ల’ అంటే సగం పైన. ‘ఒకటి రెండు చోట్ల’ అన్న రోజున మీ ఊళ్లో పడకపోతే అంచనా తప్పినట్టు కాదు.

కానీ కళ్లంలో వడ్లున్న రైతు ‘ఒకటి రెండు చోట్ల’కూ సిద్ధంగా ఉండాల్సిందే. కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు, ఒక్క జల్లు పడితే రెండు మూడు రోజుల ఆరబోత వృథా. రాశి మెరక మీద పోసి చుట్టూ చిన్న కాలువ తీయాలి, టార్పాలిన్ అంచుల మీద ఇసుక సంచులు పెట్టాలి. మబ్బు విడిచిన వెంటనే టార్పాలిన్ తీసేయాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి గింజ రంగు మారుతుంది. పిడుగుల కోసం ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి, 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగుల సంగతి చెబుతుంది. ఉరుము వినపడితే చెట్టు కింద నుంచి, కరెంటు మోటారు దగ్గర నుంచి వెంటనే కదలాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే పొలంలోకి దిగాలి.

అంచనాను వారానికోసారి చూసి వదిలేయకండి. రెండు మూడు రోజుల ముందు మాట నమ్మదగ్గది, ఐదో రోజు దాటితే పోకడ మాత్రమే తెలుస్తుంది. రెండు వారాల పోకడను వాతావరణ శాఖ గురువారం గురువారం ఇస్తుంది. ఆంధ్రలో విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మండలాల వారీ జాబితాను రోజూ సాయంత్రం చూసి మర్నాటి పని వేళలు మార్చుకోండి. ఎండ పని ఉదయం 11 లోపు ముగించాలి. లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, అది దొరక్కపోతే ఆరు చిన్న చెంచాల (టీస్పూన్) పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. ఎండలో ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, పడిపోయినా నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.