లిఫ్టు ఎన్నిసార్లు ఆగింది? ఆర్‌లో లెక్క గీసిన నా అనుభవం

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. మా అపార్ట్‌మెంట్‌లో రెండు లిఫ్టులు. ఒకటో లిఫ్టుకి మోటారే మార్చాలని మెయింటెనెన్స్ వాళ్ళు పట్టుబట్టారు. "నువ్వు కంప్యూటర్లో లెక్కలు చేస్తుంటావు కదా బాబూ, కాస్త చూసిపెట్టు" అంటూ సెక్రటరీ గారు వాచ్‌మన్ రిజిస్టర్ నా చేతిలో పెట్టారు. వాచ్‌మన్ హిందూపురం మనిషి, లిఫ్టు చెడిపోయి ఆగిన ప్రతిసారీ తేదీ వేసి రాశాడు. 2024లో ఒకటోది 19 సార్లు, రెండోది 12 సార్లు.

19 అంటే ఎక్కువే. కానీ ఎప్పుడెప్పుడు ఆగిందో ఆ అంకె చెప్పదు. అందుకే అడ్డంగా తేదీలు, నిలువుగా ఆ రోజు వరకు ఆగిన సార్లు పెట్టి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గీద్దామనుకున్నాను. ప్రతి వరుసకీ 1 వేసి కమ్‌సమ్ అనే ఫంక్షన్‌తో కూడుకుంటూ పోవడమే కదా, అరగంట పని అనుకున్నా. మూడు రాత్రులు పట్టింది.

మొదటి గ్రాఫ్ క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో వచ్చింది! నేను 03/04/2024 అని టైపు చేసి, ఏది రోజో ఏది నెలో చెప్పకుండా రాసినదాన్ని తేదీగా మార్చే యాజ్ డేట్ ఫంక్షన్‌కి ఇచ్చాను. అది 03ని సంవత్సరం, 04ని నెల, 2024లో ముందున్న 20ని తేదీ అనుకుంది. ఎర్రర్ కూడా ఇవ్వలేదు. మా లిఫ్టులు ఎప్పుడు ఆగినా 20వ తారీఖునే ఆగాయట.

అది సరిచేస్తే గీత కిందికీ పైకీ ఊగింది. కూడుకుంటూ పోయే లెక్క ఎక్కడైనా తగ్గుతుందా? తేదీల వరుసలో పేర్చకుండానే కూడేశాను, అదీ రెండు లిఫ్టులూ కలిపి. విడదీసి, వరుసలో పెట్టి, మామూలు గీత బదులు మెట్లలా గీసే జియోమ్ స్టెప్ ఫంక్షన్ వాడితే చక్కగా మెట్లు వచ్చాయి.

అసలు తప్పు ఇంకా మిగిలే ఉంది. ఒకటో లిఫ్టు గీత అక్టోబర్ 9న ఆగిపోయింది. డేటాలో ఆగిన రోజులే ఉన్నాయి మరి, బాగా నడిచిన రోజులకి వరుస లేదు. రెండు లిఫ్టులకీ డిసెంబర్ 31 తేదీతో, లెక్క పెంచకుండా ఒక్కో వరుస చేర్చాను. జనవరి 1న సున్నాతో ఇంకొకటి.

మీటింగులో సెక్రటరీ గారు అడగనే అడిగారు: "ఇదేంటి, చివర గీత పడుకుంది?"

"అక్టోబర్ మొదట్లో తలుపు సెన్సార్ మార్చారండీ. ఆ వారంలో ఒక్కసారి ఆగింది, అంతే. మళ్ళీ ఆగలేదు."

రెండోది మాత్రం అప్పటికీ మెట్లెక్కుతూనే ఉంది. మోటారు మాట పక్కన పెట్టి, దానికీ సెన్సార్ చూడమన్నారు. వెనకాల నిలబడ్డ వాచ్‌మన్ మెల్లగా అడిగాడు: "ఇకనుంచి టైము కూడా రాయమంటారా సార్?"